సముద్రం ఒడ్డున 15 అంగుళాల బొగ్గింజన్ రైలు: రోజూ నడపడం అంటే ఏమిటి?

భీమిలి_గాలి · శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. పోయిన నెల మా అన్నయ్య వాళ్ళింటికి ఇంగ్లండ్ వెళ్ళినప్పుడు కెంట్ తీరంలో రోమ్నీ, హైత్ అండ్ డిమ్‌చర్చ్ రైలు ఎక్కాను. పట్టాల మధ్య వెడల్పు 15 అంగుళాలే. ఇంజన్ చిమ్నీ నా భుజం కంటే కిందే ఉంది. పిల్లలాట రైలే కదా అనుకుని ఎక్కాను. హైత్ దాటి వేగం అందుకున్నాక ఆ అభిప్రాయం పోయింది. నిజమైన ఎక్స్‌ప్రెస్‌లో కూర్చున్నట్టే ఉంది. డన్‌జెనెస్‌లో దిగి చూస్తే చుట్టూ గులకరాళ్ళు, లైట్‌హౌస్, అణు విద్యుత్ కేంద్రం, వాటి పక్కన ఈ బుల్లి ఇంజన్ బుస్సుమంటూ నిలబడి ఉంది. ఇంటికొచ్చి నెల అయినా అదే కళ్ళలో మెదులుతోంది.

మా విశాఖలో కైలాసగిరి మీద టాయ్ ట్రైన్ ఉంది, సముద్రం చక్కగా కనిపిస్తుంది. కానీ బొగ్గుతో, ఆవిరితో నడిచేది ఒకటి భీమిలి తీరాన ఉంటే ఎంత బాగుంటుందో అనిపిస్తోంది. అసలు ఇలాంటి రైలు రోజూ నడపాలంటే ఏమేం కావాలి? తెలిసినవాళ్ళు వివరంగా రాయండి. మా ఊళ్ళో నలుగురం కలిసి ఈ విషయం మాట్లాడుకుంటున్నాం, ఊరికే అడగడం లేదు.

బొగ్గు_నీరు · శనివారం, రాత్రి 11:15

మీ పోస్టు చూసి నిద్ర ఆపుకుని రాస్తున్నాను. మాది కొవ్వూరు. తొమ్మిదేళ్ళుగా కెంట్‌లోని ఆష్‌ఫర్డ్‌లో ఉంటున్నాం. వారమంతా కంప్యూటర్ ముందు ఉద్యోగం, వీలైన శనాదివారాలు ఈ రైలు దగ్గర వాలంటీర్‌గా పని. నేను డ్రైవర్ని కాను. తుడవడం, బూడిద ఎత్తడం, రంగులు వేయడం, ప్లాట్‌ఫామ్ మీద జనాన్ని ఎక్కించడం నా పనులు.

ముందు కాస్త చరిత్ర చెప్పాలి, ఎందుకంటే ఇది ఇన్నాళ్ళు నిలబడటానికి కారణం అందులోనే ఉంది. 1920లలో ఇద్దరు కార్ రేసర్లకి ఈ పిచ్చి పట్టింది. ఒకరు కౌంట్ లూయీ జ్బొరోస్కీ, ఇంకొకరు కెప్టెన్ హోవీ. జ్బొరోస్కీ రెండు ఇంజన్లకి ఆర్డరిచ్చారు, అవి చేతికి రాకముందే 1924లో మోంజాలో రేసులో చనిపోయారు. హోవీ ఆగలేదు. హెన్రీ గ్రీన్లీ అనే ఇంజనీరు డిజైన్ చేశారు, కాల్చెస్టర్‌లోని డేవీ పాక్స్‌మన్ కంపెనీలో ఇంజన్లు తయారయ్యాయి. 1927 జులై 16న హైత్ నుంచి న్యూ రోమ్నీ దాకా 8 మైళ్ళు ప్రారంభం. మరుసటి ఏడే డన్‌జెనెస్ దాకా పొడిగించారు. మొత్తం పదమూడున్నర మైళ్ళు.

హోవీకి కావలసింది బొమ్మ రైలు కాదు. హైత్ నుంచి న్యూ రోమ్నీ దాకా రెండు లైన్లు వేయించారు. సిగ్నళ్ళు, టర్న్‌టేబుళ్ళు (ఇంజన్‌ని వెనక్కి తిప్పే గుండ్రటి వేదికలు), స్టేషన్లు, టైమ్‌టేబుల్, అన్నీ పెద్ద రైల్వేలాగే. ఊళ్ళవాళ్ళు నిజంగా ప్రయాణానికి వాడుకున్నారు. బడి పిల్లల్ని రోజూ తీసుకెళ్ళే స్కూలు రైలు 1977 నుంచి 2015 దాకా నడిచింది. ఇది మొదట్నుంచీ నిజం రైలే, కొలత ఒక్కటే చిన్నది. మీరు భీమిలిలో ఏం కట్టినా ముందు ఈ మాట తేల్చుకోండి. బొమ్మలా కడితే నాలుగేళ్ళలో తుప్పు పట్టి మూలన పడుతుంది.

బిట్రగుంట_షెడ్ · ఆదివారం, ఉదయం 5:50

బాబూ, నేను 1974లో బిట్రగుంట లోకో షెడ్‌లో క్లీనర్‌గా చేరి ఫైర్‌మన్‌నయ్యాను. డబ్ల్యూజీ, డబ్ల్యూపీ అనే పెద్ద ఆవిరి ఇంజన్లు రెండింటి మీదా పని చేశాను. ఇప్పుడు నెల్లూరులో మనవళ్ళతో ఉంటున్నాను. ఫోన్లో ఈ రైలు వీడియో మా మనవరాలు పెడితే చూశాను. ముందు నాలుగు చక్రాలు, మధ్యలో ఆరు పెద్ద చక్రాలు, వెనక రెండు. అచ్చం మా డబ్ల్యూపీ అమరికే. కళ్ళు చెమ్మగిల్లాయి.

నాకో సందేహం. అంత చిన్న క్యాబ్‌లో డ్రైవరూ ఫైర్‌మనూ ఇద్దరూ ఎలా కూర్చుంటారు?

బొగ్గు_నీరు · ఆదివారం, ఉదయం 7:30 (ఇక్కడి టైమ్)

బాబాయి గారూ, మీ పోస్టు రావడం మా అదృష్టం. ఇద్దరుండరండీ, ఒక్కరే. బొగ్గు వేసేదీ, ఆవిరిని వదిలే మీట, అంటే రెగ్యులేటర్ పట్టేదీ, ఇంజెక్టర్ పెట్టి నీళ్ళు ఎక్కించేదీ, విజిల్ వేసేదీ, సిగ్నల్ చూసేదీ ఆ ఒక్క మనిషే. కింద కూర్చునే నడపాలి, నిలబడటానికి చోటు లేదు. డబ్ల్యూపీ పోలిక కూడా సరిగ్గా కుదిరింది. ఇక్కడి మొదటి ఇంజన్లు గ్రీన్ గాడెస్, నార్దర్న్ చీఫ్, సదరన్ మెయిడ్ వగైరాలకి గ్రెస్లీ అనే బ్రిటిష్ ఇంజనీరు చేసిన పెద్ద పసిఫిక్ ఇంజన్లే నమూనా. మీరు చెప్పిన ఆ చక్రాల అమరికనే పసిఫిక్ అంటారు. పట్టాల వెడల్పు బ్రిటన్ పెద్ద లైన్లో దాదాపు నాలుగో వంతే అయినా ఇంజన్ మూడో వంతు ఉంటుంది. అందుకే అంత బలం.

నార్దర్న్ చీఫ్‌ని ఒక రాజకుమారుడు కూడా నడిపారు. లైను తెరవక ముందే, 1926 ఆగస్టులో, డ్యూక్ ఆఫ్ యార్క్, అంటే తర్వాత ఆరో జార్జి రాజయినాయన, స్వయంగా రెగ్యులేటర్ పట్టారు.

బిట్రగుంట_షెడ్ · ఆదివారం, మధ్యాహ్నం 1:10

ఒక్కడే చూసుకోవాలంటే ఆ డ్రైవర్లకి చేతులెత్తి మొక్కాలి. మాకు ముగ్గురుండేవాళ్ళు. డ్రైవరు, ఇద్దరు ఫైర్‌మన్లు. అయినా చెమటతో బనీను పిండుకునేవాళ్ళం. రాత్రి ఏ రెండింటికో కాల్‌బాయ్ వచ్చి తలుపు కొట్టి "సార్, డ్యూటీ" అంటే లేచి వెళ్ళాలి. భోజనం క్యారేజీ ఇంజన్ మీదే వేడి చేసుకునేవాళ్ళం.

పొద్దున మంట ఎలా పెడతారో రాయి బాబూ. మా పద్ధతికీ దానికీ తేడా ఏముందో చూడాలి.

బొగ్గు_నీరు · ఆదివారం, రాత్రి 10:20

ఇవాళ డ్యూటీ అయ్యాక రాస్తున్నాను, ఇంకా చేతులకి ఆయిల్ వాసన పోలేదు.

షెడ్ తలుపు తీయగానే తడిసిన బూడిద వాసన వస్తుంది. మొదట చూడాల్సింది గేజ్ గ్లాసు. బాయిలర్‌లో నీళ్ళు ఎంత ఉన్నాయో కంటితో చూసి నిర్ధారించుకోకుండా అగ్గిపుల్ల గీయకూడదు. ఈ మాట నాకు నేర్పిన పెద్దాయన మొదటి రోజు మూడుసార్లు చెప్పారు. తర్వాత స్మోక్‌బాక్స్, అంటే చిమ్నీ కింది పొగ గది తలుపు తీసి నిన్నటి మసిని పారతో ఎత్తాలి. బాయిలర్ లోపల వేడి పొగ పోయే ట్యూబుల్లోకి పొడుగాటి బ్రష్షు దూర్చి ఒక్కోదాన్నీ శుభ్రం చేయాలి. ఒక్క ట్యూబు మూసుకుపోయినా ఆ మేరకు ఆవిరి తగ్గినట్టే. మంట కింది ఇనుప జల్లెడ (గ్రేట్) మీద గడ్డకట్టిన బూడిద, అంటే క్లింకర్ ఊడగొట్టి, బూడిద గిన్నె ఖాళీ చేసి, పలచగా బొగ్గు పరిచి, దానిమీద ఎండు పుల్లలు పేర్చి, కిరోసిన్‌లో తడిపిన గుడ్డ ఒకటి వెలిగించి లోపలికి తోస్తాం.

మొదట్లో పొగ చిమ్నీలోంచి పోవడానికి మొరాయిస్తుంది. ఆవిరి ఉంటే బ్లోయర్ తిప్పి పొగని లాగించవచ్చు, కానీ చల్లని బాయిలర్‌లో ఆవిరి ఎక్కడిది? కొన్ని షెడ్లలో ఇందుకోసమే చిమ్నీ మీద చిన్న ఫ్యాన్ పెడతారు. చాలాసేపు ప్రెజర్ గేజ్ సూది అసలు కదలదు. ఆ సమయంలోనే మేం తుడుపు పని మొదలుపెడతాం. కాటన్ వేస్ట్‌తో కనెక్టింగ్ రాడ్లు, చక్రాల ఆకులు, ఇత్తడి రింగులు. ఇంజన్ ముట్టుకుంటే ముందు చల్లగా, తర్వాత గోరువెచ్చగా, కాసేపటికి చెయ్యి పెట్టలేనంత వేడిగా అవుతుంది. ఎక్కడో చిన్న టిక్ టిక్ శబ్దం, ఇనుము సాగుతున్న చప్పుడు. అప్పుడు చూస్తే సూది సున్నా మీంచి వెంట్రుకవాసి లేచి ఉంటుంది. ఇన్నేళ్ళయినా ఆ వెంట్రుకవాసి కదలిక చూసినప్పుడల్లా ఒళ్ళు పులకరిస్తుంది.

తొందరపెట్టి మంట పెంచకూడదు. రేకులూ ట్యూబులూ ఒకేలా సాగవు, హడావుడిగా వేడి చేస్తే జాయింట్లు కారతాయి.

బిట్రగుంట_షెడ్ · సోమవారం, ఉదయం 6:05

అంతా మా పద్ధతే. గేజ్ గ్లాసు మాట నూటికి నూరుపాళ్ళు నిజం. ఇంజన్ బుల్లిదైనా బాయిలర్ బాయిలరే.

లెక్కల_మనిషి · సోమవారం, ఉదయం 10:30

నేను చార్టర్డ్ అకౌంటెంట్‌ని, హైదరాబాద్. చదువుతుంటే సంతోషంగా ఉంది, కానీ డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు. దాదాపు వందేళ్ళుగా ఎవరు పోషిస్తున్నారు? ప్రభుత్వమా?

బొగ్గు_నీరు · సోమవారం, సాయంత్రం 6:45

ప్రభుత్వం కాదండీ. హోవీ బతికున్నంత కాలం ఆయన ఆస్తే దీనికి వెన్నుదన్ను. 1963లో ఆయన పోయాక రైలు చేతులు మారింది. 1970ల మొదట్లో మూసేస్తారేమో అన్న స్థితి వచ్చింది. 1972లో సర్ విలియం మెక్‌ఆల్పైన్, ఇంకొందరు కలిసి కొని నిలబెట్టారు. ఇప్పుడు ఒక కంపెనీ నడుపుతోంది, దానికి అండగా అభిమానుల సంఘం ఉంది. జీతగాళ్ళూ ఉన్నారు, మాలాంటి వాలంటీర్లూ ఉన్నారు.

ఆదాయం ప్రధానంగా టికెట్లు. ఎండాకాలం సెలవుల్లో సంపాదించినదే ఏడాదంతా మోయాలి. చలికాలంలో రైళ్ళు చాలా తక్కువ, డిసెంబరులో పిల్లల కోసం శాంటా రైళ్ళు. స్టేషన్లలో కెఫేలు, షాపు, న్యూ రోమ్నీలో మోడల్ రైళ్ళ ప్రదర్శన, ఇవన్నీ కలిస్తేనే బండి నడుస్తుంది. వర్షం పడ్డ ఆగస్టు ఆదివారం ఎంత దెబ్బో మీలాంటివాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

బయట కనిపించని ఖర్చు రిపేర్లు. బాయిలర్‌ని కొన్నేళ్ళకోసారి పూర్తిగా విప్పి చూడాలి, ట్యూబులు మార్చాలి. చక్రాల టైర్లు అరిగితే కొత్తవి. ఈ సైజు విడిభాగాలు ఏ దుకాణంలోనూ దొరకవు, ప్రతిదీ వర్క్‌షాపులో చేయించుకోవలసిందే.

నౌపడా_అమ్మాయి · సోమవారం, రాత్రి 8:50

ఇంత మంచి చర్చలో నేనూ ఒక మాట చెప్పాలి. మాది శ్రీకాకుళం జిల్లా, నౌపడా దగ్గర. ఇప్పుడు చెన్నైలో ఉంటున్నాను.

మాకూ ఒక చిన్న రైలు ఉండేది. పర్లాకిమిడి రాజావారు వేయించిన నారో గేజ్, రెండున్నర అడుగుల వెడల్పు. 1900లో నౌపడా నుంచి పర్లాకిమిడి దాకా మొదలై, 1931 నాటికి గుణుపురం చేరింది. 2004లో ఆ లైను ఆపేసి, 2011లో బ్రాడ్ గేజ్‌గా తెరిచారు. పెద్ద రైలు వచ్చింది, మా ప్రాంతానికి మేలే జరిగింది, కాదనను. కానీ ఆ చిన్న రైలు ఇక రాదని తెలిసిన రోజు మా ఇంట్లో అన్నం ఎవరూ సరిగ్గా తినలేదు.

మా తాతయ్య ఆ లైన్లో గ్యాంగ్‌మన్. నౌపడా అంటే ఉప్పుమళ్ళు. గాలి వీస్తే పెదాల మీద ఉప్పు తగిలేది. తాతయ్య ఒక డాల్డా డబ్బాలో నల్లటి వాడేసిన ఆయిల్ పోసుకుని, దానికి కర్రకి కట్టిన గుడ్డ ఒకటి పెట్టుకుని నడిచేవాడు. పట్టా పట్టాని కలిపే చోట ఫిష్‌ప్లేట్లు, బోల్టులు ఉంటాయి కదా, ప్రతి చోటా ఆగి ఆ గుడ్డతో పూత పూసేవాడు. "ఉప్పు ఇనుమును తింటాదమ్మా, ముందు మనం దానికి నూనె పెట్టాల" అనేవాడు. వర్షాకాలం ముందు ఒకసారి పూయకపోతే మరుసటి ఏడు బోల్టు తిప్పబోతే విరిగిపోయేదట.

సముద్రం పక్కన రైలు అని చదవగానే నాకు ఆ డాల్డా డబ్బానే గుర్తొచ్చింది. కెంట్‌లో ఉప్పుగాలితో ఏం చేస్తారు?

బొగ్గు_నీరు · సోమవారం, రాత్రి 11:30

అమ్మా, మీ తాతయ్య గారు చెప్పిన మాట మా వర్క్‌షాపులో గోడ మీద రాసి పెట్టుకోవాలి. ఇక్కడా యుద్ధం ఉప్పుతోనే.

డన్‌జెనెస్ అంటే సముద్రంలోకి పొడుచుకొచ్చిన గులకరాళ్ళ మేట. చెట్టు చేమ పెద్దగా లేవు, గాలికి అడ్డే లేదు. ఆ గాలిలో ఉప్పు తుంపర ఉంటుంది. పొద్దున మెరిసేలా తుడిచిన ఇత్తడి ఒక్క రౌండు వెళ్ళొచ్చేసరికి మసకబారుతుంది. దాన్ని ఎలాగూ మళ్ళీ తుడవచ్చు, భయమంతా కంటికి కనపడని చోట్ల: స్ప్రింగుల ఆకుల మధ్య, బ్రేకు గొట్టాల జాయింట్లలో, పెట్టెల కింద చాసిస్ మూలల్లో. అందుకే రోజు చివర తుడుపు అందం కోసం కాదు. ఆయిల్ పొర మిగిలేలా తుడవాలి.

రెండో శత్రువు ఇసుక. గ్రేట్‌స్టోన్ వైపు ఇసుక దిబ్బలు ఉన్నాయి, గాలికి సన్నటి ఇసుక లేచి వస్తుంది. అది ఆయిల్‌లో కలిసిందంటే బేరింగులకి గరుకు కాగితం పెట్టి రుద్దినట్టే. ఆయిల్ పోసే రంధ్రాల మూతలు వేశామా లేదా అని ఒకటికి రెండుసార్లు చూసుకుంటాం.

ఇక గాలి. రోమ్నీ మార్ష్ అంతా చాప పరిచినట్టు చదునైన నేల. కొన్ని చోట్ల సముద్రం పోటు మట్టం కంటే కిందే ఉంటుంది, డిమ్‌చర్చ్ దగ్గరి సముద్రపు అడ్డుగోడ కాపాడుతోంది. ఎత్తుపల్లాలు లేవు కాబట్టి చిన్న ఇంజన్ కూడా గంటకి 25 మైళ్ళు హాయిగా పోతుంది. కానీ ఎదురుగాలి మొదలైతే ఎత్తు ఎక్కినంత పనే. అదే బండి, అవే పెట్టెలు, బొగ్గు మాత్రం ఎక్కువ తింటుంది.

భీమిలి_గాలి · మంగళవారం, ఉదయం 7:00

రాత్రి మా వాళ్ళందరికీ ఈ పోస్టులు చదివి వినిపించాను. ఉప్పు, ఇసుక, గాలి మూడూ మా దగ్గర ఇంతకంటే ఎక్కువే. పైగా తుఫాన్లు. 2014లో హుద్‌హుద్ తర్వాత బీచ్ రోడ్డు ఎలా ఉందో కళ్ళారా చూశాం. తీరం కోత కూడా ఉంది. టెన్షన్ మొదలైంది గానీ ఆశ వదల్లేదు.

పదమూడు మైళ్ళు మాకెలాగూ వద్దు. చిన్నగా మొదలుపెట్టిన ఉదాహరణ ఏదైనా ఉందా?

వేల్స్_వాన · మంగళవారం, మధ్యాహ్నం 3:25

ఉంది. ఉత్తర వేల్స్‌లో రిల్ అనే సముద్రతీర ఊరు. అక్కడ మెరీన్ లేక్ అనే ఉప్పునీటి చెరువు చుట్టూ సుమారు ఒక మైలు లైను, అదీ 15 అంగుళాలే. 1911లో మొదలైంది, బ్రిటన్‌లో అన్నిటికంటే పాత మినియేచర్ రైల్వే ఇదే. మధ్యలో 1969లో మూసేశారు, 1978లో మళ్ళీ అదే చెరువు చుట్టూ పట్టాలు పరిచారు. ఇప్పుడు ట్రస్టు, వాలంటీర్లు నడుపుతున్నారు. ఆల్బర్ట్ బార్న్స్ కంపెనీ ఆ ఊళ్ళోనే కట్టిన 1920ల నాటి ఆవిరి ఇంజన్లు ఇప్పటికీ తిరుగుతున్నాయి. భీమిలికి నమూనా కావాలంటే కెంట్ కంటే రిల్ బాగా సరిపోతుంది. గుండ్రటి లైను కాబట్టి ఇంజన్ తిప్పుకునే గొడవ లేదు, సిగ్నళ్ళ బెడద తక్కువ, రోడ్డు దాటే పని లేదు.

నా అనుభవం ఒకటి చెప్పి హెచ్చరిస్తాను. నేను మెకానికల్ ఇంజనీర్‌ని. కొన్నేళ్ళ కిందట ఒక చిన్న క్లబ్బులో సాయం చేసేవాణ్ణి, పేరు అనవసరం, పైన చెప్పిన వాటిలో ఏదీ కాదు. అక్కడి నీళ్ళు బాగా గట్టివి, అంటే సున్నం ఎక్కువ. బాయిలర్ కడగడం వాయిదా వేస్తూ వచ్చారు. ఒక రోజు గేజ్ గ్లాసులో నీళ్ళు సగం దాకా కనిపిస్తున్నాయి, అందరం నిశ్చింతగా ఉన్నాం. నాకెందుకో అనుమానం వచ్చింది. ఇంజన్ కదులుతుంటే గ్లాసులో నీళ్ళు కొంచెమైనా ఊగాలి. అవి ఊగడం లేదు. ఆపించి గ్లాసు కాక్ తెరిచి ఊదితే కింది దారి సున్నం పేరుకుని మూసుకుపోయి ఉంది. మాకు కనిపిస్తున్నవి గ్లాసులో ఇరుక్కుపోయిన నీళ్ళు. బాయిలర్‌లో అసలు మట్టం ఎంతో ఎవరికీ తెలియదు. మంట తీసేశాం, దేవుడి దయవల్ల ఏమీ కాలేదు. మంట మండే గది, అంటే ఫైర్‌బాక్స్ పైకప్పు మీద నీళ్ళు లేకుండా మంట మండితే ఆ రేకు మెత్తబడి కూలిపోతుంది. ఆ తర్వాత ఏం జరుగుతుందో బాబాయి గారికి తెలుసు.

బిట్రగుంట_షెడ్ · మంగళవారం, సాయంత్రం 5:40

తెలుసు బాబూ. ఆ ఊగడం చూసినవాడివి, నువ్వు అసలైన ఫైర్‌మన్‌వి. మాకు డ్యూటీ ఎక్కగానే మొదటి పని రెండు గ్లాసులూ ఊది చూడటం. బాయిలర్ కడిగే వాషవుట్ రోజు లోపల్నుంచి పొలుసులు పొలుసులుగా సున్నం రాలేది, దోసిళ్ళకెత్తేవాళ్ళం. భీమిలి బాబూ, నీళ్ళు పరీక్ష చేయించకుండా ఇంజన్ కొనవద్దు. ముందు నీళ్ళు, తర్వాత ఇంజన్.

బొగ్గు ఎక్కడిది వాడుతున్నారు? మాకు సింగరేణి బొగ్గు. బూడిద ఎక్కువ, క్లింకర్ కట్టేది. అయినా ఆ బొగ్గుతోనే పొడుగాటి గూడ్సులు లాగాం.

వేల్స్_వాన · మంగళవారం, రాత్రి 9:15

బాబాయి గారూ, బొగ్గే ఇప్పుడు ఇక్కడి వాళ్ళందరికీ పెద్ద దిగులు. వేల్స్ ఆవిరి బొగ్గంటే ఒకప్పుడు ప్రపంచమంతా కోరుకునేది. బూడిద తక్కువ, పొగ తక్కువ, వేడి ఎక్కువ. మా మెర్థిర్ టిడ్‌ఫిల్ దగ్గర ఫోస్-ఇ-ఫ్రాన్ ఓపెన్‌కాస్ట్ గని 2023 నవంబరులో మూతపడింది. హెరిటేజ్ రైళ్ళు విదేశాల నుంచి బొగ్గు తెప్పించుకుంటున్నాయి. పొడి బొగ్గుకి వేరే పదార్థాలు కలిపి ముద్దలుగా నొక్కి చేసిన ఇంధనాన్ని చాలా లైన్లు ప్రయత్నిస్తున్నాయి. అది మండే తీరు వేరు. పాత అలవాటులో పార తిప్పితే ఆవిరి నిలవదు, ఫైరింగ్ మళ్ళీ నేర్చుకోవాలి. దేశమే బొగ్గు మానేస్తున్న కాలం ఇది, 2024 సెప్టెంబరు 30న బ్రిటన్‌లో చివరి బొగ్గు విద్యుత్ కేంద్రం ఆగిపోయింది. అందుకే ఈ రైళ్ళకి కొద్దిపాటి బొగ్గు దొరికేలా చూడమని సంఘాలన్నీ అడుగుతున్నాయి. ఆ అడగడం న్యాయమేనని నా గట్టి నమ్మకం. మొత్తం దేశం కాల్చిన దాని ముందు ఇవి కాల్చేది చిటికెడు.

లెక్కల_మనిషి · బుధవారం, ఉదయం 9:50

మన దగ్గరైతే సింగరేణి ఉంది కాబట్టి బొగ్గు దొరుకుతుంది, కానీ పొగ మీద అభ్యంతరాలు వస్తాయి. తీరప్రాంత నిబంధనలు, బాయిలర్ల శాఖ తనిఖీ, ప్రయాణికుల బీమా, ఈ మూడూ మొదటే లెక్కలో వేసుకోండి. భద్రత గురించి కెంట్ అనుభవం చెబుతారా?

బొగ్గు_నీరు · బుధవారం, సాయంత్రం 7:05

ఇది రాయడం కష్టంగానే ఉంది. ఈ లైను చాలా చోట్ల రోడ్లని దాటుతుంది. 2003లో ఒకసారి, 2005లో మరోసారి, లెవెల్ క్రాసింగ్ దగ్గర కారు అడ్డం వచ్చి రైలుకి తగిలి రైలు డ్రైవర్లు చనిపోయారు. ఇద్దరూ రైలుని ప్రాణంగా ప్రేమించినవాళ్ళు. ఆ తర్వాత క్రాసింగులకి లైట్లతో పాటు అడ్డుగేట్లు పెట్టుకుంటూ వచ్చారు. చిన్న రైలు కదా అని కారువాళ్ళు తేలిగ్గా తీసుకుంటారు, అక్కడే ప్రమాదం. డ్రైవరు నేలకి దగ్గరగా, ముందు ఏ రక్షణా లేకుండా కూర్చుంటాడు. వేల్స్ సోదరుడు చెప్పినట్టు రోడ్డు దాటని చోటు దొరికితే అదే ఎంచుకోండి. డబ్బు మిగులుతుందని కాదు, మనుషులు మిగులుతారని చెబుతున్నాను.

ఇద్దరు_పిల్లల_అమ్మ · బుధవారం, రాత్రి 9:30

మేము క్రాయిడన్‌లో ఉంటాం. వచ్చే నెల మా అత్తయ్య, మావయ్య గుంటూరు నుంచి వస్తున్నారు. మావయ్యకి మోకాళ్ళ నొప్పులు, వీల్‌చైర్ తెస్తాం. ఈ రైలు ఎక్కగలరా? ఎలా రావాలి? పిల్లలకి చెప్పడానికి కథలేమైనా ఉంటే అవి కూడా రాయండి.

బొగ్గు_నీరు · బుధవారం, రాత్రి 10:40

తప్పకుండా రండి అక్కా. హైత్‌లో పెద్ద రైల్వే స్టేషన్ లేదు, ఫోక్‌స్టోన్‌లో దిగి బస్సు పట్టుకోవాలి. వీల్‌చైర్ ఎక్కే పెట్టెలు ఉన్నాయి, కానీ ముందుగా ఫోన్ చేసి చెప్పండి, దాన్ని బండికి తగిలించి ఉంచుతారు. హైత్ నుంచి డన్‌జెనెస్ వెళ్ళడానికి గంటకి పైనే పడుతుంది కాబట్టి అత్తయ్య గారికి శాలువా మర్చిపోకండి. ఎండ కాస్తున్నా అక్కడ గాలి చలి పుట్టిస్తుంది. పులిహోర కట్టుకొస్తే గులకరాళ్ళ మీద కూర్చుని తినొచ్చు, మేమూ అదే చేస్తాం.

పిల్లలకి రెండు కథలు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం ఈ రైలుని తీసుకుంది. హెర్క్యులస్ ఇంజన్‌కి ఉక్కు రేకులు తొడిగి, పెట్టెల మీద మెషీన్ గన్లు పెట్టి తీరం వెంబడి కాపలా తిప్పారు. ఇంత చిన్న సాయుధ రైలు ఇంకెక్కడా లేదు. తర్వాత సముద్రం అడుగున ఫ్రాన్స్‌కి పెట్రోలు పంపే గొట్టాల పనికీ ఈ లైను వాడారు. యుద్ధం అయ్యేసరికి పట్టాలు పాడైపోయాయి. అన్నీ బాగుచేసి 1947 మార్చిలో డన్‌జెనెస్ దాకా మళ్ళీ తెరిచినప్పుడు రిబ్బన్ కత్తిరించడానికి హాలీవుడ్ హాస్య జంట లారెల్, హార్డీ వచ్చారు. మావయ్య గారికి ఈ సంగతి చెప్పండి, ఆ తరం వాళ్ళకి వాళ్ళిద్దరూ బాగా తెలుసు.

డన్‌జెనెస్‌లో ఇంజన్ ఎలా వెనక్కి తిరుగుతుందో పిల్లల్ని గమనించమనండి. అక్కడ టర్న్‌టేబుల్ లేదు. పట్టాలే పెద్ద గుండ్రటి చుట్టు తిరిగి వచ్చిన లైన్లోనే కలుస్తాయి. తిరిగి హైత్ చేరాక మాత్రం డ్రైవరు ఇంజన్‌ని టర్న్‌టేబుల్ మీదికి తెచ్చి మనుషుల బలంతో తోసి తిప్పుతారు. అది చూసి తీరాలి.

నౌపడా_అమ్మాయి · గురువారం, ఉదయం 8:15

బిట్రగుంట బాబాయి గారూ, మీరు ఈ వయసులో ఫోన్లో ఇన్ని పోస్టులు పెట్టడం చూసి మా తాతయ్య గుర్తొస్తున్నారు. మీకు తెలిసిన పని అంతా ఎవరైనా రికార్డు చేస్తున్నారా? మంట పరిచే తీరు, విజిల్ భాష, ఇంజెక్టర్ పట్టే లోపు వచ్చే ఆ శబ్దం, ఇవన్నీ మీతోనే ఉన్నాయి. భీమిలిలో ఇంజన్ వచ్చినా రాకపోయినా అవి పోకూడదు. నేను వచ్చే నెల నెల్లూరు వస్తున్నాను. మీరు సరేనంటే ఒక పూట కూర్చుని వీడియో తీస్తాను.

బిట్రగుంట_షెడ్ · గురువారం, ఉదయం 11:20

రా తల్లీ. ఇంట్లోనే భోంచేద్దువు గాని. నా దగ్గర పాత ఆయిల్ క్యాన్ ఒకటుంది, పొడుగు ముక్కుది. షెడ్ మూసేసినప్పుడు ఫోర్‌మన్ నాకిచ్చాడు. అటక మీదుంది, మనవడితో దింపిస్తాను.

భీమిలి_గాలి · గురువారం, రాత్రి 9:05

నేనూ నెల్లూరు వస్తాను బాబాయి గారూ, అమ్మాయి వచ్చే రోజే. ఈ ఐదు రోజుల్లో మేం అనుకున్నది చాలా మారింది. ముందు ఇంజన్ బొమ్మ గీసుకుని కూర్చున్నాం. ఇవాళ మా నలుగురం బోరు నీళ్ళు రెండు సీసాల్లో పట్టి పరీక్షకి పంపించాం. రోడ్డు దాటక్కర్లేని స్థలాలు రెండు చూశాం, ఒకటి తీరానికి మరీ దగ్గర, ఇంకొకటి కొంచెం లోపలికి, తాటిచెట్ల వెనక. రెండోదే బాగుందనిపిస్తోంది. సముద్రం కనిపించదు గానీ హోరు వినిపిస్తుంది. రిపోర్టు రాగానే ఇక్కడే పెడతాను. గట్టినీళ్ళని తేలితే ఏం చేయాలో వేల్స్ అన్నయ్య చెప్పాలి.

వేల్స్_వాన · గురువారం, రాత్రి 11:50

రిపోర్టు పెట్టండి. కాఠిన్యం, క్లోరైడ్లు, కరిగి ఉన్న మొత్తం లవణాలు, ఈ మూడు అంకెలు తప్పకుండా ఉండేలా చూసుకోండి. తీరం దగ్గర బోరు కాబట్టి క్లోరైడ్లు ముందు చూద్దాం. వాన నీళ్ళు పట్టి ఉంచుకునే చోటు ఆ తాటిచెట్ల స్థలంలో ఉందా?